అడిగే తీరు తెలిసిన బడికే నిధులు
బలహీన పాఠశాలలకు అందని గ్రాంట్లు - అభివృద్ధి ప్రణాళికే అసలు ఆధారం

జూన్‌లో బడి తెరిచిన రోజున ప్రధానోపాధ్యాయుని ముందు రెండు జాబితాలు ఉంటాయి. ఒకటి చేరిన పిల్లలది. రెండవది బడికి కావలసినవాటిది. సుద్దముక్కలు, హాజరు పట్టీలు, ఊడిన తలుపు గొళ్లెం, పనిచేయని చేతిపంపు, కప్పు కారుతున్న గది, ఆడపిల్లలకు చాలని మరుగుదొడ్డి. మొదటి జాబితా కొద్ది వారాలలో ప్రభుత్వ రికార్డులకు ఎక్కుతుంది. రెండవ జాబితా చాలా పాఠశాలల్లో ఏ అధికారి చేతికీ చేరకుండా బల్ల సొరుగులోనే మిగిలిపోతుంది.

పాఠశాలలకు ఇచ్చే డబ్బు దేశంలో బొత్తిగా లేదని చెప్పలేము. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఇచ్చే వార్షిక గ్రాంట్లున్నాయి. పోటీలో నెగ్గిన బడికి లక్షలు, కోట్లు ముట్టజెప్పే పథకాలున్నాయి. చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టవలసిన కంపెనీలున్నాయి. పార్లమెంటు సభ్యుల కోటా ఉంది. ఊరి నుంచి వెళ్లి పైకొచ్చిన పూర్వ విద్యార్థులున్నారు. అయితే ఈ తలుపులలో చాలావాటికి ఒకటే షరతు. అడగాలి. కాగితం మీద, అంకెలతో, గడువులోగా, అడగవలసిన వారిని అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదన్న సామెత విద్యారంగంలో ఆర్థిక సూత్రంగా మారింది. అడగడం చేతనైన బడికి ఇంకా ఇంకా దొరకడం, చేతకాని బడి ఎక్కడున్నది అక్కడే మిగలడం దీని ఫలితం.

గ్రాంటు మాట పాతదే

పాఠశాలకు గ్రాంటు ఇవ్వడం మన దేశంలో కొత్త సంగతి కాదు. 1854 నాటి ఉడ్ తాఖీదు గ్రాంట్-ఇన్-ఎయిడ్ విధానానికి పునాది వేసింది. స్థానికంగా కొంత సొమ్ము సమకూర్చుకుని, ప్రభుత్వ తనిఖీకి అంగీకరించిన పాఠశాలకు సర్కారు సహాయం చేయాలన్నది దాని సారాంశం. ఇప్పటి ఎయిడెడ్ పాఠశాలల మూలాలు అక్కడే ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో, కోస్తాంధ్ర, రాయలసీమలు కూడా అంతర్భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో ఫలితాల గ్రాంటు అనే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు పరీక్షలో ఎంతమంది పిల్లలు నెగ్గితే బడికి అంత సొమ్ము వచ్చేది. చదువు వచ్చిన పిల్లలున్న బడికి డబ్బు, చదువు రాని పిల్లలున్న బడికి కోత అన్నమాట. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ అందే ఈ లోపం వల్ల ఆ పద్ధతి విమర్శలకు గురై చివరకు రద్దయింది.

స్వాతంత్ర్యానంతరం ప్రాథమిక విద్య భారం ప్రధానంగా రాష్ట్రాలే మోశాయి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చింది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, అవసరమైన బోధన సామగ్రి ఉండాలని నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో ప్రాథమిక విద్యా పథకం అమలైంది. 1994లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం ప్రపంచ బ్యాంకు తదితర విదేశీ సంస్థల సొమ్మును దేశంలోని వెనుకబడిన జిల్లాలకు తెచ్చింది.

2001లో ఊపందుకున్న సర్వశిక్షా అభియాన్ ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది. బడి పేరుతో ఉన్న ఖాతాకు ఏటా 2,000 రూపాయల పాఠశాల గ్రాంటు, ఒక్కొక్క ఉపాధ్యాయునికి 500 రూపాయల బోధనోపకరణాల గ్రాంటు, మరమ్మతులకు 5,000 రూపాయల వరకు మంజూరయ్యేవి. మొత్తాలు చిన్నవే. కానీ జిల్లా కార్యాలయం వైపు చూడకుండా ఊళ్లోనే తీర్మానం చేసి ఖర్చు పెట్టుకునే అధికారం బడికి దక్కింది.

హక్కుగా వచ్చేది

2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ విద్య పథకాలను కలిపి సమగ్ర శిక్ష అనే ఒకే పథకంగా చేశారు. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలలో ఇది 90, 10 నిష్పత్తిలో ఉంటుంది. విడివిడి గ్రాంట్ల స్థానంలో మిశ్రమ పాఠశాల గ్రాంటు వచ్చింది. 2021-22 నుంచి 2025-26 వరకు ఆమోదించిన నిబంధనల ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏటా 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది ఉంటే 25,000, 101 నుంచి 250 మందికి 50,000, 251 నుంచి 1,000 మందికి 75,000, ఆపైన లక్ష రూపాయలు. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు వెచ్చించాలి. దీనికి తోడు స్థాయిని బట్టి గ్రంథాలయానికి 5,000 నుంచి 20,000 రూపాయల వరకు, ఆటవస్తువులకు 5,000 నుంచి 25,000 వరకు విడిగా కేటాయింపు ఉంది.

ఈ మొత్తం ఏపాటిదో ఒక లెక్క చెబుతుంది. అరవై మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు మిశ్రమ గ్రాంటు 25,000 రూపాయలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులు ఏడాదికి కనీసం 200 రోజులు పనిచేయాలి. అంటే రోజుకు 125 రూపాయలు. కరెంటు బిల్లు, మంచినీరు, సుద్దముక్కలు, ఇంటర్నెట్, బోధనోపకరణాలు, చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. చీపుర్లు, ఫినాయిలు కూడా అందులోనే. గది కప్పు కారితే ఈ సొమ్ముతో ఒక మూల అతుకు వేయించవచ్చునే గాని కప్పు మార్చడం సాధ్యం కాదు.

అంత చిన్న మొత్తమైనా పూర్తిగా, సకాలంలో అందాలంటే బడి చేయవలసిన పని ఒకటుంది. గ్రాంటుకు ఆధారం యు-డైస్ అనే జాతీయ పాఠశాల సమాచార వ్యవస్థలోని అంకెలు. ప్రతి బడికి 11 అంకెల సంఖ్య ఉంటుంది. గదులు, మరుగుదొడ్లు, ఉపాధ్యాయులు, పుస్తకాలు అన్నీ బడి స్వయంగా నమోదు చేయాలి. 2022-23 నుంచి పిల్లల వివరాలను ఒక్కొక్కరివీ విడిగా చేర్చాలి. ముప్పై ఒకటవ విద్యార్థి పేరు జాబితాలో పడకపోతే బడికి రావలసిన 25,000 కాస్తా 10,000 అవుతుంది. పనిచేయని మరుగుదొడ్డిని పరువుకోసం పనిచేస్తున్నట్టు చూపిస్తే, కొత్తది అడిగే అర్హత ఆ రోజే పోతుంది. గ్రాంటు దరఖాస్తులో మొదటి కాగితం అసలు ఇదేనని చాలామంది గుర్తించరు.

రెండవ చిక్కు కాలం. అకౌంటబిలిటీ ఇనిషియేటివ్ అనే పరిశోధన సంస్థ 2009 నుంచి జరిపిన 'పైసా' సర్వేలలో పాఠశాల గ్రాంట్లు తరచు ఆర్థిక సంవత్సరం సగం గడిచాకే బళ్లకు చేరుతున్నాయని తేలింది. జూన్‌లో కావలసిన సుద్దముక్కలకు డబ్బు ఆ తరువాత ఎప్పుడో వస్తే, అంతవరకు ఉపాధ్యాయుడు సొంత జేబు తడుముకోవాలి. మార్చి ముగిసేలోగా హడావుడిగా ఖర్చు పెట్టాలి. 2021లో కేంద్రం తెచ్చిన ఏక నోడల్ ఖాతా విధానంలో సొమ్ము రాష్ట్ర స్థాయి ఖాతాలోనే ఉంటుంది. బడికి నగదుకు బదులు ఖర్చు పరిమితి మాత్రమే కేటాయిస్తారు. నిధులు ఎక్కడ నిలిచిపోయాయో ఢిల్లీకి తెలియడానికి ఇది మేలే. కానీ పోయిన ఏడాది మిగిలిన రూపాయిని ఈ ఏడాది అవసరానికి దాచుకునే వెసులుబాటు బడికి తగ్గింది.

పోటీలో గెలుచుకునేది

ఇంకో రకం సొమ్ము పోటీ మీద వస్తుంది. 2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్, ఎంపికైన పాఠశాలలో టింకరింగ్ ప్రయోగశాలకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. స్థాపనకు 10 లక్షలు, అయిదేళ్ల నిర్వహణకు గరిష్ఠంగా మరో 10 లక్షలు. ఆరు నుంచి పన్నెండు వరకు తరగతులున్న ప్రభుత్వ, ప్రైవేటు పాఠశాలలు రెండింటికీ అవకాశమిచ్చారు. అయితే మైదాన ప్రాంతాలలో 1,500 చదరపు అడుగుల స్థలం, కొండ ప్రాంతాలలో 1,000 చదరపు అడుగుల స్థలం చూపాలన్నారు. కంప్యూటర్లు, ఇంటర్నెట్, నికరమైన విద్యుత్తు ఉండాలన్నారు. ఇవన్నీ ముందే అమరిన బడికే ప్రయోగశాల దక్కుతుంది. దేశంలో ఇటువంటివి 10,000 ఏర్పడ్డాక, 2025-26 బడ్జెట్‌లో కేంద్ర ఆర్థిక మంత్రి అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 ప్రయోగశాలలు నెలకొల్పుతామని ప్రకటించారు. ఈసారి ప్రభుత్వ పాఠశాలలనే ప్రత్యేకంగా పేర్కొనడం గమనించదగినది.

2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం శ్రీ పథకం ఇంతకంటే పెద్దది. 14,500 పాఠశాలలను ఆదర్శంగా తీర్చిదిద్దడానికి అయిదేళ్లకు 27,360 కోట్ల రూపాయలు. సగటున ఒక్కొక్క బడికి సుమారు 1 కోటి 89 లక్షలు. ఒక మండలం లేదా బ్లాకుకు రెండు బళ్లకు మించకుండా, 'చాలెంజ్' పద్ధతిలో ఎంపిక జరుగుతుంది. బడి స్వయంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. గ్రామీణ పాఠశాలకు కనీసం 60 శాతం, పట్టణ పాఠశాలకు 70 శాతం మార్కులు రావాలి. దేశంలోని ప్రభుత్వ పాఠశాలలు 10 లక్షలకు పైనే. అంటే నూటికి ఒకటిన్నర బళ్లకైనా ఇది దక్కదు. తక్కిన బళ్లకు అదే అయిదేళ్లలో వచ్చే మిశ్రమ గ్రాంటు, పైన చెప్పిన అరవై మంది పిల్లల లెక్కన, లక్షా పాతిక వేలు.

ఈ పథకంలో చేరడానికి ముందు రాష్ట్రం కేంద్రంతో అవగాహన ఒప్పందం చేసుకోవాలి. సంతకం చేయనందుకు తమకు రావలసిన సమగ్ర శిక్ష నిధులను నిలిపివేశారంటూ తమిళనాడు 2025లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. కేంద్ర రాష్ట్రాల వాదాలలో న్యాయాన్యాయాలు ఎలా ఉన్నా, ఆ వివాదంలో ఏ పాత్రా లేని బడి మాత్రం గ్రాంటు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

పోటీ పద్ధతిని సమర్థించేవారి వాదన తేలికగా తీసివేయదగినది కాదు. అందరికీ తలా పిడికెడు పంచితే ఎక్కడా మార్పు కనిపించదని, పని చేయగల బడికి తగినంత ఇస్తే అది చుట్టుపక్కల బళ్లకు దారి చూపుతుందని వారంటారు. కానీ దరఖాస్తు రాయడానికి ఒక మనిషి కావాలి కదా! 2024-25 యు-డైస్ లెక్కల ప్రకారం దేశంలో ఒకే ఉపాధ్యాయుడున్న పాఠశాలలు 1,04,125. వాటిలో చదువుతున్నవారు 33 లక్షలకు పైగా. ఈ జాబితాలో 12,912 బళ్లతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. అయిదు తరగతులకు ఒక్కడే పాఠం చెప్పి, మధ్యాహ్న భోజనం లెక్క చూసి, రికార్డులు రాసే ఉపాధ్యాయుడు రాత్రి కూర్చుని ఆన్‌లైన్‌లో చాలెంజ్ దరఖాస్తు నింపుతాడని ఆశించడం అన్యాయం. మద్రాసు రాజధానిలో ఫలితాల గ్రాంటును దెబ్బతీసిన లోపమే ఇక్కడ వేషం మార్చుకుని మళ్లీ కనిపిస్తోంది.

కంపెనీల తలుపు

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. అనుమతించిన పనులలో విద్య ఒకటి. ఏటా ఈ సొమ్ములో పెద్ద భాగం విద్యకే వెళుతోంది.

అయినా అన్ని బళ్లకూ ఈ తలుపు ఒకేలా తెరుచుకోదు. తాము పనిచేసే ప్రాంతానికి, దాని పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలని చట్టమే కంపెనీలకు చెబుతోంది. అందువల్ల కంపెనీలు ఎక్కువగా ఉన్న మహారాష్ట్ర వంటి రాష్ట్రాలకు ఈ నిధులు ఎక్కువగా, ఈశాన్య రాష్ట్రాలకు తక్కువగా చేరుతున్నాయి. ఒకే రాష్ట్రంలోనూ ఇదే తేడా. గనుల పక్కన, ఫ్యాక్టరీ గోడ పక్కన ఉన్న బడికి కంపెనీ అధికారులు తామే వచ్చి పలకరిస్తారు. పాడేరు కొండమీది బడికి, ఉట్నూరు అడవిలోని బడికి అటువంటి పొరుగు దొరకదు.

కంపెనీ స్వచ్ఛంద సంస్థ ద్వారా ఖర్చు చేయదలిస్తే ఆ సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద తగిన నమోదులుండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సి.ఎస్.ఆర్-1 పత్రం దాఖలు చేసి సంఖ్య పొంది ఉండాలి. ప్రభుత్వ బడి విషయంలో కంపెనీలు తరచు నగదుకు బదులు గది కట్టించి ఇవ్వడం, బెంచీలు, కంప్యూటర్లు సమకూర్చడం చేస్తుంటాయి. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఇచ్చే రోజున ఫొటో తీయగల వస్తువు మీద దాతకు మక్కువ ఎక్కువ. అయిదేళ్ల తరువాత దాన్ని నడిపే ఖర్చు బడిది. కరెంటు బిల్లు కట్టలేని బడికి ఇరవై కంప్యూటర్లు వస్తే ఆ గదికి తాళం వేయక తప్పదు. నిర్వహణ సొమ్ము కూడా కలిపి అడగడం దరఖాస్తు రాసేవారు మరచిపోకూడని సూత్రం.

మరి కొన్ని తలుపులు

1993 డిసెంబరులో ప్రారంభమైన పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం కింద 2011-12 నుంచి ఒక్కొక్క సభ్యునికి ఏటా 5 కోట్ల రూపాయల కోటా ఉంది. సభ్యుడు సిఫారసు మాత్రమే చేస్తాడు. మంజూరు అధికారం జిల్లా యంత్రాంగానిది. మన్నికైన ప్రజా ఆస్తులకే ఇది వర్తిస్తుంది కాబట్టి తరగతి గదికి, ప్రహరీకి అడగవచ్చును గాని సుద్దముక్కలకు కాదు.

2021 సెప్టెంబరులో ప్రారంభించిన విద్యాంజలి 2.0 ద్వారా బడి తన అవసరాలను బహిరంగంగా ప్రకటించవచ్చు. ఇష్టమైనవారు వస్తువులు ఇవ్వవచ్చు, లేదా వచ్చి పాఠం చెప్పవచ్చు. రాజస్థాన్ 2017లో జ్ఞాన్ సంకల్ప్ పేరుతో పాఠశాలలను దాతలతో కలిపే ఏర్పాటు చేసింది. రాణా ప్రతాప్‌కు తన ధనమంతా సమర్పించిన భామాషా పేరుతో విద్యాదాతలను ఏటా సత్కరించడం అక్కడి ఆనవాయితీ. తమిళనాడు 2022లో 'నమ్మ స్కూల్' ఫౌండేషన్‌ను నెలకొల్పింది. తెలుగు రాష్ట్రాలలో 2019లో 'నాడు-నేడు', 2022లో 'మన ఊరు - మన బడి' పేర్లతో పాఠశాల భవనాల బాగుకు పెద్దయెత్తున కార్యక్రమాలు చేపట్టారు.

విదేశాలలో స్థిరపడిన తెలుగువారు సొంతూరి బడికి సాయం చేయాలనుకోవడం సాధారణమైంది. ఇక్కడ చట్టం ఒక గీత గీసింది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందకు రాదు. అదే వ్యక్తి అమెరికా పౌరసత్వం తీసుకున్నట్లయితే అతని సొమ్ము విదేశీ విరాళమే. దాన్ని స్వీకరించే ట్రస్టు లేదా సంఘం 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదై ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. ఈ సంగతి తెలియక పూర్వ విద్యార్థి మీది అభిమానంతో చెక్కు తీసుకున్న సంఘం చట్టం ముందు దోషిగా నిలబడవలసి వస్తుంది.

అర్జీలో ఏముండాలి

తలుపు ఏదైనా, దరఖాస్తును చదివేవారు వెతికే విషయాలు దాదాపు ఒక్కటే. మొదటిది, అవసరం అంకెల్లో ఉండాలి. 'మా బడిలో వసతులు లేవు, దయచేసి సహాయం చేయగలరు' అన్న వాక్యం ప్రతి బడీ రాస్తుంది. 'ఆరు నుంచి పది తరగతులలో ఆడపిల్లలు 128 మంది, పనిచేసే మరుగుదొడ్లు రెండు' అని రాస్తే చదివేవారు ఆగుతారు. రెండవది, అడిగేది ఒక్కటే కావాలి. ప్రహరీ నుంచి ప్రొజెక్టరు వరకు ఇరవై కోరికలున్న అర్జీలో ఏది ముఖ్యమో ఎవరికీ తెలియదు. మూడవది, అంచనా. ఇంజనీరు లెక్క గాని, దుకాణాల కొటేషన్లు గాని జతపరచాలి. ఉజ్జాయింపుగా రాసిన గుండు అంకెను చూడగానే అనుమానం వస్తుంది.

నాలుగవది, బడి తరఫున ఏమి ఉంది అన్నది. స్థలమా, ఊరివారి శ్రమదానమా, కొంత చందానా? ఎంత చిన్నదైనా అది దాతకు నమ్మకం కలిగిస్తుంది. అయిదవది, పని పూర్తయ్యాక దాన్ని ఎవరు చూసుకుంటారు, ఏడాది తరువాత ఏ మార్పు కనిపిస్తుంది అన్నది. చివరగా యు-డైస్ సంఖ్య, యాజమాన్య కమిటీ తీర్మానం ప్రతి, బ్యాంకు ఖాతా వివరాలు, ప్రస్తుత స్థితి ఫొటోలు ఉండాలి.

మంజూరుతో పని అయిపోదు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం గ్రాంటు తీసుకున్న సంస్థ ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలలలోగా వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. అది ఇవ్వనివారికి తరువాతి విడత ఆగిపోతుంది. రసీదులు లేని నిజాయితీకి ఆడిట్ అధికారి ముందు విలువ లేదు. ప్రతి కొనుగోలుకు బిల్లు, ప్రతి వస్తువుకు స్టాకు రిజిస్టరులో నమోదు, ప్రతి ఖర్చుకు కమిటీ తీర్మానం ఉన్న బడికి రెండవసారి గ్రాంటు అడిగే హక్కు తనంతట తానే వస్తుంది.

సొరుగులోని చట్టం

ఇన్ని అర్జీలు విడివిడిగా రాయవలసిన అవసరం లేకుండా చట్టంలోనే ఒక మార్గముంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రతి ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. 22వ సెక్షను ప్రకారం ఈ కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. కేంద్ర నియమావళి ప్రకారం ఇది మూడేళ్లకు, ఏడాది వారీ భాగాలతో ఉండాలి. తరగతుల వారీగా పిల్లల అంచనా, కావలసిన అదనపు ఉపాధ్యాయులు, గదులు, సామగ్రి, వాటికయ్యే ఖర్చు అందులో ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా అది స్థానిక సంస్థకు చేరాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ సెక్షనులోని రెండవ భాగం. ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ రూపొందించే ప్రణాళికలకు, ఇచ్చే గ్రాంట్లకు ఈ పాఠశాల ప్రణాళికే ఆధారం కావాలని చట్టం స్పష్టంగా నిర్దేశిస్తోంది. నిధులు సమకూర్చే బాధ్యత కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటిదీ అని 7వ సెక్షను చెబుతోంది. అంటే ఈ కాగితం అర్జీ కాదు, హక్కు పత్రం. బడి ఎవరి ముందూ చేయి చాచవలసిన పని లేదు. తనకు చట్టం ఇచ్చినదాన్ని లెక్క కట్టి అడిగితే చాలు.

ఆచరణలో మాత్రం పైనుంచి వచ్చిన నమూనాలో ఖాళీలు నింపి, సభ్యుల సంతకాలు తీసుకుని పంపేసిన ప్రణాళికలే ఎక్కువ. సమగ్ర శిక్షలో జిల్లా, రాష్ట్ర వార్షిక ప్రణాళికలు కింది నుంచి పైకి రావాలని నిబంధన. చివరకు మంజూరు చేసేది ఢిల్లీలోని ప్రాజెక్టు ఆమోద మండలి. కింది నుంచి వెళ్లిన కాగితంలో బలం లేకపోతే, పైన ఒకే కొలతతో అన్ని బళ్లకూ లెక్క కట్టడం తప్ప గత్యంతరం ఉండదు.

పొరుగు దేశాలలోనూ ఇదే దారి. బంగ్లాదేశ్ తన ప్రాథమిక విద్యాభివృద్ధి కార్యక్రమంలో బడి స్థాయి అభివృద్ధి ప్రణాళికను, దానికి జతగా చిన్న గ్రాంటును ప్రవేశపెట్టింది. నేపాల్‌లో పాఠశాల అభివృద్ధి ప్రణాళికను గ్రాంట్లతో ముడిపెట్టారు. 2015 రాజ్యాంగం తరువాత అక్కడి 753 స్థానిక ప్రభుత్వాలకు పాఠశాల విద్య అప్పగించారు. శ్రీలంక 2006లో పాఠశాలల అభివృద్ధి కార్యక్రమంతో బడికే నిర్ణయాధికారం పెంచే ప్రయత్నం చేసింది. చిన్న మొత్తమైనా బడి చేతికి ఇవ్వాలి, ఆ బడి ముందుగా తన అవసరాన్ని రాసుకోవాలి అన్నదే ఈ దేశాలన్నిటి ఆలోచన.

రాయలేని బడి సంగతి

మిగిలిన ప్రశ్న ఒకటే. ప్రణాళిక రాసే మనిషి లేని బడికి ఎవరు రాస్తారు? కొఠారీ కమిషన్ 1966లోనే పాఠశాల సముదాయాలను సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం వాటినే తిరిగి ముందుకు తెచ్చి, సముదాయమంతటికీ ఉమ్మడి అభివృద్ధి ప్రణాళిక ఉండాలన్నది. ఉన్నత పాఠశాలలో ఉన్న గుమాస్తా, కంప్యూటరు, ఇంటర్నెట్ చుట్టుపక్కల పది ప్రాథమిక పాఠశాలలకు ఏడాదిలో నాలుగు రోజులు ఉపయోగపడితే ఏకోపాధ్యాయ బడికి కూడా ఒక దరఖాస్తు తయారవుతుంది. మండల స్థాయి అధికారి తనిఖీకి వచ్చినప్పుడు లోపాలు రాసుకుని వెళ్లడంతో పాటు ఒక ప్రణాళిక రాయించి వెళితే ఆ తనిఖీకి సార్థకత ఉంటుంది. పోటీ పథకాలలో వెనుకబడిన బళ్లకు కొంత వాటా విడిగా ఉంచడం ప్రభుత్వాలు చేయగల పనే.

ఎన్ని గ్రాంట్లు వచ్చినా ప్రభుత్వ బాధ్యతకు అవి ప్రత్యామ్నాయం కావు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలన్న కొఠారీ కమిషన్ సిఫారసును 2020 విద్యావిధానం మళ్లీ చెప్పవలసి వచ్చిందంటే, ఆ మాట ఇంకా నెరవేరలేదనే అర్థం. కంపెనీ కట్టించిన గదిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించవలసింది ప్రభుత్వమే. అయితే ఆ రోజు వచ్చేదాకా బడి చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. జూన్‌లో రాసిన ఆ రెండవ జాబితాను సొరుగులోంచి తీసి, తల్లిదండ్రుల ముందు చదివి, అంకెలు సరిచూసి, ధరలు కట్టి, కమిటీ తీర్మానంతో పైకి పంపడం బడి చేతిలోని పని. దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత మాత్రం పైవారిది.